అత్త వెనక నాట్లు

మా వరి కయ్యలో ఊద కలుపు మొలిచిందంటే తప్పు ఊదది కాదు, నీళ్ళది. వడమాలపేట దగ్గర మాది బోరు కింద వరి. నాట్లయ్యాక మడిలో నీళ్ళు నిలబడి ఉంటే, మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఊద గింజలకు గాలి అందదు, ఎండ తగలదు. దుప్పటి ముసుగేసుకున్న పిల్లల్లాగా అవి లేవనే లేవవు.

ఆ ఏడు దుప్పటి జారిపోయింది. బోరు సన్నగా పోసింది, మెరక మూలకు నీళ్ళెక్కలేదు. మట్టి ఆరి నెర్రెలిచ్చి గాలీ వెలుతురూ లోపలికి దిగాయి. అంతలో ఒక మంచి వాన. వాన పడిందన్న సంబరంలో నేను పాయసం కూడా కాచాను. వారం తిరక్కముందే మెరకంతా వరితో సమానంగా ఊద లేచింది. పాయసం కాచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

లేత వయసులో ఊదా వరీ కవల పిల్లలే. ఆకు కాడను కలిసే చోట వరికి చిన్న నాలుకలాంటిది ఉంటుంది, ఊదకు ఉండదు. అది కనబడాలంటే కళ్ళుండాలి. కూలికి మనుషులు దొరక్క మేమే కలుపుకు దిగాం. మాకంటే ముందు మా అత్త, అంటే మా ఆయన తల్లి, చీర ఎగదోపుకొని దిగింది. ఆమె రెండు కళ్ళకూ పొరలొచ్చాయి. ఆపరేషన్ మాటెత్తితే చాలు, "కంట్లో కత్తి పెట్టించుకునే కర్మ నాకేమి?" అని లేచిపోయేది.

సాయంత్రం ఆమె పీకి గెనిమ గట్టు మీద వేసిన మోపును ఆవుకు వేద్దామని ఎత్తుకున్నాను. సగం వరి. నాకు కోపం నాలుక మీదే ఉంటుంది. అరుద్దామని నోరు తెరిచాను. ఆమె కాళ్ళు కడుక్కుంటూ, "మూల ఎట్ల తేటగా ఉండాదో సూడు" అనింది. మోపును మళ్ళీ గెనిమ మీదే దించేశాను.

కాపురానికి వచ్చిన కొత్తలో బురదలో నడవడం నాకు నేర్పింది ఆమే. ఆ కయ్యలోకి ఇక దిగొద్దంటే ఆమెకు మిగిలేదేముంది? అరుగు మీద కూర్చుని తిరుపతి బస్సులు చూడడం. అవి కూడా మసగ్గానే.

మా ఆయనకు చెబితే, "నువ్వు చెప్పు" అన్నాడు. "మీ అమ్మ, మీరు చెప్పండి" అన్నాను. ఇద్దరం చెప్పలేదు. ఆమె ఇంటికి పోయాక, వాడిపోకముందే, ఆమె పీకిన వరిని ఏరి మళ్ళీ నాటాను. మర్నాడూ అదే పని. ముందు ఆమె పీకుతుంది, వెనక నేను నాటుతాను.

ఒక రోజు నేను నాటిన చోటికే ఆమె తిరిగొచ్చి ఒక మొక్క పట్టుకుంది. పట్టుకోగానే ఊడి వచ్చేసింది. పక్కది పట్టుకుంది. అదీ అంతే. ఆమె అలాగే వంగి ఉండిపోయింది.

"ఏమే, ఇది నేను పీకిందే కదా?"

నేను చేతుల బురద చీరకు తుడుచుకున్నాను.

"ఇన్ని దినాలుగా నా ఎనకాల నాట్లేస్తా ఉండావా?"

ఒక్క తిట్టయినా తిట్టి ఉంటే బాగుండేది. గెనిమ మీద కూర్చుని చేతులు చూసుకుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. "నాకు బయమే, అంతే" అనింది. "ఆసుపత్రిలో నా సెయ్యి ఇడిసిపెట్టకుండా ఉంటావా?"

"లోపలికి రానిస్తే ఆడ గూడా పట్టుకునే ఉంటా అత్తా" అన్నాను.

రానివ్వలేదు. ఆపరేషన్ గది తలుపు బయట కూర్చుని ఆమె చెప్పులు ఒళ్ళో పెట్టుకున్నాను.

కంటి డాక్టరు బురదలో దిగొద్దన్న గడువు తీరిపోయినా నేనే ఆమెను దిగనివ్వలేదు. భయం ఇప్పుడు నాకు పట్టుకుంది. వరి ఇంకా కంకి వేయక పొట్ట మీద ఉండగా గెనిమ దాకా తీసుకొచ్చి, "ఈడే నిలబడు అత్తా" అన్నాను. ఆమె నల్ల కళ్ళద్దాలు తీసి మెరక మూల వైపు చాలాసేపు చూసింది. నేను మళ్ళీ నాటిన దుబ్బులు పొట్టిగా, వరస తప్పి, తేలిగ్గానే తెలిసిపోతున్నాయి. వాటి నడుమ ఒకటి మాత్రం అన్నిటికంటే ఎత్తుగా కంకి వేసి ఊగుతోంది.

"ఆ ఊదను నాటింది ఎవురే?"

నేను బిక్కమొహం వేశాను.

"నా కండ్లకు పొర తీయిస్తివి. నీ కండ్లకు ఏం తీయించాలమే?" అని కడుపు పట్టుకొని నవ్వింది.

సిగ్గుతో దిగి దాన్ని పట్టుకొని లాగాను. రాలేదు. బాగానే నాటినట్టున్నాను.

"జరుగు" అంటూ అత్త చీర ఎగదోపుకొని కయ్యలోకి దిగింది.