జానెడు దిమ్మలో దిగిన బరమా

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే పక్కనుంచి లేచిపోయే రకం నేను. మా వీధిలో ఎవరికో అమ్మవారు పూనిందని జనం మూగితే, ముందు ఆవిడ పొద్దున్నుంచి ఏమైనా తిన్నదా అని అడిగేదాన్ని. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి తప్ప.

మాది యాంగోన్, ఒకప్పటి రంగూన్. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మాకు ఆ ఊళ్ళోనే చిమిండైంగ్‌లో, చేపల బజారుకు దగ్గరగా, ఐసు కొట్టు ఉంది. ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి, మరలో వేసి పొడి చేసి, చేపల వాళ్ళకూ రొయ్యల పడవలకూ ఇస్తాం. మా ఆయన పోయాక కొట్టు నేనే చూసుకుంటున్నాను. తోడుగా ఊ తాన్ అనే బర్మా పెద్దాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా మా దగ్గరే పని. అబద్ధం ఆడగా నేను చూడలేదు.

నాకు ఒక్కడే తమ్ముడు, అప్పలరాజు. మా శ్రీకాకుళం వాడుకలో అక్కనైన నన్ను అప్పా అని పిలుస్తాడు. సరుకు ఓడల మీద పనిచేస్తాడు. ఒకసారి రష్యా తూర్పు కొసన ఉన్న రేవుకు వెళ్ళి వచ్చినప్పుడు, గోనెగుడ్డలో చుట్టి, మెలికలు తిరిగిన పెద్ద ఇనప సామాను ఒకటి తెచ్చాడు. అక్కడ చలికాలంలో సముద్రం పైన గడ్డ కడుతుందట. జనం ఆ గడ్డ మీదే నడిచి వెళ్ళి, దీంతో చిల్లు వేసి, ఆ చిల్లులోంచి గాలం వేసి చేపలు పడతారట. పూర్వం చేత్తో తిప్పేవాళ్ళు, ఇప్పుడు బ్యాటరీ డ్రిల్లుకు తగిలించి తిప్పుతున్నారట. మన వడ్రంగులు దీన్నే బరమా అంటారు కదా, బర్మాకు బరమా తెచ్చానని వాడి వేళాకోళం. ఐసు కోసే సామాను ఐసు కొట్టుకు కాక దేనికి అన్నాడు.

మొదట నేను దాన్ని మూల పడేశాను. కానీ ఇక్కడ కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో దానికే తెలియాలి. కరెంటు పోతే ఐసు మర ఆగుతుంది. అందుకని డ్రిల్లుకు ఆ బరమా తగిలించి దిమ్మలో దించడం మొదలుపెట్టాం. కొబ్బరి తురుములాగా ఐసు పైకి వచ్చి పడేది. రొయ్యల మీద వేయడానికి అంతకంటే మంచిది లేదు.

కొలతలు చెప్పాలి. బరమా పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు చిన్న పళ్ళెమంత. దిమ్మను పడుకోబెడితే మందం జానెడు. దాని కింద చెక్క పలకలు, పలకల కింద ఒక ఇటుక ఎత్తు ఖాళీ, ఆ కింద సిమెంటు నేల.

రెండేళ్ళ కిందట, జనవరి నెల. తమ్ముడు ఓడ మీద ఉన్నాడు. పొద్దున పదిన్నరకు కరెంటు పోయింది. నది అవతల ట్వంటే ఊరికి వెళ్ళే రొయ్యల పడవ పదకొండున్నరకు బయలుదేరాలి. పోటు తగ్గితే కాలవలోకి వెళ్ళలేమని పడవ వాళ్ళు తొందరపెడుతున్నారు. ఊ తాన్ దిమ్మను కదలకుండా పట్టుకున్నాడు, నేను డ్రిల్లు పట్టుకున్నాను. రెండు దిమ్మలు అయ్యాయి.

మూడో దిమ్మలో జానెడు లోతు దిగాక ఎప్పుడూ వచ్చే కుదుపు రాలేదు. బరమా దిమ్మను దాటి కింద పడేటప్పుడు చేతులు ఒక్కసారి కిందికి తూలతాయి. ఆ తూలు కోసం నేను కాచుకుని ఉన్నాను. అది రాలేదు. బరమా ఇంకా దిగుతూనే ఉంది. తురుము పైకి వస్తూనే ఉంది. పడవ తొందరలో ఉన్నానేమో, డ్రిల్లు మూతి ఐసుకు తగలబోయేదాకా ఎంత లోతు దిగిందో నాకు తెలియలేదు.

ఆపాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊ తాన్ మోకాళ్ళ మీద కూర్చుని, సెల్‌ఫోను లైటు వేసి పలకల కింద చూశాడు. ఇనుము ఎక్కడా కిందికి రాలేదు. దిమ్మ అడుగు గాజులాగా నున్నగా ఉందని చెప్పాడు. నమ్మక నేనూ వంగి చూశాను. నిజమే. రెండున్నర అడుగుల ఇనుము జానెడు ఐసులోకి వెళ్ళిపోయింది.

పైకి లాగబోతే రాలేదు. పొరపాటున మళ్ళీ తిరుగుతుందేమోనని డ్రిల్లు నుంచి బ్యాటరీ ఊడదీశాను.

అప్పుడు కింద నుంచి ఎవరో కొట్టారు.

శబ్దం చిన్నదే. కానీ అది చెవికి వినపడటం కంటే ముందు ఇనుములోంచి నా చేతులకు తెలిసింది. పిడికిలితో తలుపు బాదినట్టు. మూడుసార్లో నాలుగుసార్లో. ఊ తాన్ దిమ్మను వదిలేసి వెనక్కి జరిగాడు. వాళ్ళ బౌద్ధ మంత్రమేదో అందుకున్నాడు. వదిలెయ్యండి, బయటికి రండి అని నన్ను పిలిచాడు. నేను గుమ్మం వైపు నాలుగడుగులు వేశాను కూడా. 

తర్వాత నేను చేసింది ఇది. వెనక్కి వచ్చి, బ్యాటరీ మళ్ళీ పెట్టి, మీట నొక్కాను.

డ్రిల్లు గట్టిగా అరిచింది. నా ఛాతీ దాని మీద వేసి మొత్తం బరువుతో నొక్కాను. కాసేపటికి చిల్లులోంచి నీళ్ళు ఉబికి వచ్చాయి. ఐసు కరిగిన నీళ్ళు తేటగా ఉంటాయి. ఇవి నల్లగా ఉన్నాయి. నా మొహం మీద చిందితే పెదవులకు ఉప్పగా తగిలింది. బొగ్గు వాసన వేసింది. ఉన్నట్టుండి ఆ కుదుపు వచ్చింది, చేతులు కిందికి తూలాయి, బరమా వదులైంది. లాగితే తేలిగ్గా వచ్చేసింది.

నీళ్ళు అంచుదాకా నిలిచి, మేం చూస్తుండగానే దిగిపోయాయి. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా లాక్కుని చిల్లులో చెయ్యి పెట్టాను. జానెడు లోతున నా వేళ్ళకు గట్టి ఐసు తగిలింది. దిమ్మను తిరగేశాం. అడుగున చిల్లు లేదు. ఊ తాన్ సుత్తి తెచ్చి దిమ్మను ముక్కలు చేశాడు. ఏమీ లేదు. పడవ టైము అయిపోతుందేమోనని ఫోను చూశాను. పదకొండుంపావు.

ఆ ఐసు పడవకు ఇవ్వలేదు. ఎవరికీ చెప్పొద్దు అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత సాయంత్రం సంచౌంగ్‌లో మా ఇంట్లో ఉండగా తమ్ముడి దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పెదవులు పగిలి, రెండు చేతులకూ కట్లు. ఏమైందిరా అన్నాను.

మొన్న ఆ రష్యా రేవులోనే ఓడ పక్కన నిచ్చెన దిగుతుంటే జారి గడ్డ మీద పడ్డాడట. గడ్డ విరిగి నీళ్ళలోకి పోయాడు. పైకి తేలేసరికి నెత్తికి గడ్డే తగిలింది. పడిన కంత ఎటు ఉందో తెలియలేదు. ఆ రేవులో బొగ్గు ఎగుమతి చేస్తారు, నీళ్ళు నల్లగా ఉంటాయట. చుట్టూ చీకటి.

"అప్పా, నాను సెప్తే నువ్వు నమ్మవు," అన్నాడు. "బరమా సప్పుడు ఇనపడింది. మన కొట్లో సప్పుడే. అటేపు ఈదినాను. ఇంతట్లోకి ఆగిపోయింది. ఇంకెటెల్లాలో తెలీక గడ్డని పిడికిల్తో గుద్దినాను. అయిపోయినాననుకున్నాను. అప్పుడు మల్లీ మొదలైంది, సరిగ్గా నా నెత్తిమీద."

నేను ఇంకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. 

నెత్తి మీద పళ్ళెమంత వెలుగు కనపడిందట. దానికి మూతి ఆనించి గాలి పీల్చుకున్నాడు. చేతివేళ్ళు చిల్లులోంచి పైకి పెట్టాడు. ఓడ మీద వాళ్ళు ఆ వేళ్ళు చూసి, గునపాలతో గడ్డ పగలగొట్టి బయటికి తీశారు.

"ఎన్ని గంటలకయింది?" అని మాత్రం అడిగాను.

"రెండూ నలబై అయ్యింటాది. ఏటప్పా, అలాగున్నావు?"

వాళ్ళ టైము మాకంటే మూడున్నర గంటలు ముందు. లెక్క వేస్తే మాకు పదకొండూ పది. ఫోను కింద పెట్టేశాను. మా అప్పలరాజు అప్పా అప్పా అని పిలుస్తూనే ఉన్నాడు.

బుద్ధి ఉన్న మనిషిగా నేను చెయ్యగలిగిన ఆరా అంతా చేశాను. అది చేపల వాళ్ళు వేసి వదిలేసిన పాత చిల్లు కావచ్చు. కానీ ఓడలు తిరిగే చోట గడ్డ పలచన అని, అక్కడికి గాలాల వాళ్ళు రారని తమ్ముడు చెప్పాడు. వాడి తోటివాడు తీసిన ఫొటో పంపించాడు. చిల్లు చుట్టూ తెల్లగా తురుము ఉంది, తాజాగా. చిల్లు వెడల్పు మా బరమాకు సరిపోతుంది. అయితే అక్కడ అమ్మేవన్నీ అదే సైజు అట, కాబట్టి దాన్ని సాక్ష్యం అనను. ప్రాణం పోయే సమయంలో మనిషికి ఏవేవో శబ్దాలు వినపడతాయని మా డాక్టరు అన్నారు. అదీ ఒప్పుకుంటాను. ఊ తాన్‌ను విడిగా కూర్చోబెట్టి మళ్ళీ మొత్తం చెప్పించుకున్నాను. నేను చెప్పినదానికి ఆయన చెప్పినదానికి తేడా లేదు.

తమ్ముడు ఆ వేసవిలో ఇంటికి వచ్చాడు. అప్పుడు చెప్పాను, ఊ తాన్ ఎదురుగానే.  నేను ఎదురుచూసిన ప్రశ్నలేవీ వాడు అడగలేదు. ఐసు గురించి గానీ, నీళ్ళ గురించి గానీ.

"బయపడి గుమ్మం కాడికెల్లిపోయినావు కదా," అన్నాడు చివరికి. "మల్లీ ఎందుకొచ్చినావప్పా?"

తమ్ముడు గుర్తొచ్చాడని చెప్పి ఉండవచ్చు. బాగుండేది. కానీ ఆ క్షణంలో నాకు వాడు గుర్తు లేడు. ఎవరూ గుర్తు లేరు. బల్లి మీద పడితే కేకలు పెట్టే మనిషిని నేను. నడుస్తున్న కాళ్ళు ఎందుకు ఆగాయో, బ్యాటరీ మళ్ళీ ఎవరు పెట్టమన్నారో నాకు తెలియదు. జానెడు ఐసులో అంత ఇనుము ఎలా పట్టిందో ఎవరైనా ఏదో ఒక రోజు లెక్క కట్టి చెబుతారేమో. నేను వెనక్కి ఎందుకు తిరిగానో మాత్రం నేనే చెప్పాలి. చెప్పలేకపోతున్నాను.