పాత నొప్పి

మా అమ్మకు కొత్త జబ్బంటూ ఎప్పుడూ రాలేదు. వచ్చినవన్నీ పాతవే. మోకాళ్ల నొప్పి పాతది, తలనొప్పి పాతది, నిన్న సాయంత్రం మొదలైన జ్వరం కూడా పాతదే. ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్లో అందరి మాటా అంతే. ఒక ఇంట్లో కొత్త జబ్బు వచ్చిందంటే ఊరు ఉలిక్కిపడేది. పూజారిని పిలిపించి ఏ దేవతకు కోపం వచ్చిందో అడిగించాలి, కోడిని కొయ్యాలి, ఆ తంతు అయ్యేదాకా ఇరుగుపొరుగు వాళ్లు ఆ ఇంటి నీళ్లు ముట్టరు. పాతదంటే ఏ గొడవా లేదు. "కొత్తదంటే నెత్తికెక్కుతది బిడ్డా, పాతదంటే మూలకు కూసుంటది" అనేది అమ్మ.

ఖమ్మంలో ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం దొరికాక నేను అమ్మ పేరున ఆరోగ్య బీమా తీసుకున్నాను. బీమా అంటే మనిషి పోయాక వచ్చే డబ్బు అనే తప్ప, బతికుండగా దవాఖానా ఖర్చు కట్టేది కూడా ఒకటుంటుందని అప్పట్లో మావైపు ఎవరికీ తెలియదు. అమ్మ ఒక్కటే అడిగింది.

"ఏడాదంత జొరం గిట్ల ఏం రాకుంటే పైసలు మల్ల ఇస్తరా?"

ఇవ్వరని చెప్పాను.

"గట్లయితే జబ్బు రావాల్నని మొక్కుకోవాల్నా?"

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ కాగితాలు నాకు అర్థమైందీ అంతంతమాత్రమే. చివరి పేజీల్లో అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను.

ఆ మరుసటి ఏడు కడుపునొప్పితో అమ్మ మెలికలు తిరిగిపోయింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేర్చాను. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. నేను మందులకని కిందికి దిగినప్పుడు డాక్టరు వచ్చి, ఈ నొప్పి ఎప్పటినుంచి అని అమ్మను అడిగాడట. అమ్మ అలవాటు పోనిచ్చుకోలేదు. "పాతదే సారూ, నా లగ్గం నాటి సంది ఉన్నదే" అంది. ఆయన అదే రాసుకున్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని బీమా కంపెనీ చేతులెత్తేసింది. బీమా తీసుకునేనాటికే ఉన్న జబ్బును దాచిపెట్టారట, అందుకని పైసా రాదట. అమ్మను వెంటబెట్టుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మనిషి చెడ్డవాడు కాదు, మాకు టీ కూడా తెప్పించాడు. మా ఊరి పద్ధతి చెప్పాను. కొత్త జబ్బు అని నోటితో అనకూడదని, నిజానికి నొప్పి వచ్చి నెల కూడా కాలేదని చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మీ ఊరి దేవత మా రూల్స్‌ల లేదు మేడం" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతను అమ్మ వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "పెద్దమ్మా, ఇంకోసారి దవాఖానాల పాతదని చెప్పకు. నిన్న మొన్ననే వచ్చిందను. పాతదంటే మేమేం చేయలేం."

అమ్మ తలూపింది. ఆపరేషన్ ఖర్చుకు ఆమె మేకల మంద మొత్తం పోయింది.

తర్వాతి ఏడు ప్రీమియం పెరిగింది. వయసు పెరిగిందన్నారు, దవాఖానాల ఖర్చులు పెరిగాయన్నారు. ఆ పై ఏడు ఇంకా పెరిగింది. అమ్మ లెక్క మాత్రం మేకల్లోనే. "మొదలు ఒక్క మేకను అడిగిండ్రు. గిప్పుడు మూడు అడుగుతుండ్రు. మంద లేదని చెప్పకపోయినవా?" అనేది. మానేస్తే అన్నేళ్లు కట్టింది బూడిదలో పోసినట్టే. కట్టడం మానిన మర్నాడే ఏదో ముంచుకొస్తుందన్న భయం కూడా ఉండేది. తిట్టుకుంటూనే కట్టాను.

ఒక వానాకాలం అమ్మ దగ్గుతూ ఖమ్మం వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నాళ్ల నుంచి దగ్గు అని ఆయన అడగడమే ఆలస్యం, "నిన్నటి సంది సారూ" అంది. అని నా వైపు చూసింది, పాఠం అప్పజెప్పిన పిల్లలా. అమ్మ నోట కొత్త జబ్బు మాట వినడం నాకదే మొదలు. నేనూ నమ్మాను. వానలో తడిసి జలుబు చేసి ఉంటుందని ఆయన సిరప్ రాసిచ్చాడు. రెండోసారి ఇంకో డాక్టరు దగ్గరా అదే జవాబు, మళ్లీ సిరప్పే.

చలి మొదలయ్యాక మా పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. అమ్మ దగ్గితే నెత్తురు పడుతోందంది. ఆమే అమ్మను భద్రాచలం సర్కారు దవాఖానాకు తీసుకొచ్చింది, నేను ఖమ్మం నుంచి బస్సెక్కి వెళ్లాను. కళ్లె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ అన్నారు. ఎడమ ఊపిరితిత్తి చాలావరకు పాడైపోయిందన్నాడు డాక్టరు. ముందే వస్తే గోళీలతో నయమై ఊపిరితిత్తి నిలిచేదట.

నేను బ్యాగులోంచి బీమా కార్డు తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది అక్కర్లేదమ్మా. ఈ జబ్బుకు మందులు ఎవరికైనా ఊరికే ఇస్తం. ఎప్పటి సంది ఇస్తనే ఉన్నం."

కార్డు మళ్లీ బ్యాగులో పడేశాను. ఆ కార్డు మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆయన కాగితం ముందుకు లాక్కుని, "ఎప్పటి సంది దగ్గుతున్నవు తల్లీ?" అని అమ్మను అడిగాడు.

అమ్మ నా మోచెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, చెవిలో అడిగింది.

"బిడ్డా, ఈడ నిజం చెప్పొచ్చునా?"

చెప్పమని తలూపాను.

"ఎండకాలం ఇప్పపువ్వు రాలేటప్పటి సంది సారూ" అంది అమ్మ.

ఆమె ఈ మాట చెప్పేనాటికి మా ఊళ్లో వరికోతలు కూడా అయిపోయాయి.