సూపు వేళ లేచిన చేతులు

ఎల్డన్ ప్లమర్ ఇరవై ఆరేళ్లుగా ఊరి రోడ్లు చూస్తున్నాడు. ఏటా ఊరివాళ్లే ఎన్నుకుంటారు. పోటీకి ఇంతవరకూ ఎవడూ రాలేదు. తెల్లారకముందే లేచి మంచు తొయ్యడం ఎవడికి ముద్దు? అతనికి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. రాష్ట్ర రాజధానిలో కూర్చునేవాళ్ల మీద అసలే లేదు.

వాళ్లు ఏటా ఓ హుకుం పంపేవారు. చెత్తగుంత పూడ్చండి, వంతెనకు కొత్త కమ్మీలు వెయ్యండి. డబ్బు మాత్రం ఊరిదే. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. చివరికి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆరుబయట ఉండకూడదు, సిమెంటు నేలతో షెడ్డు కట్టి తీరాలన్నారు. షెడ్డు కడితే మంచు తోసే లారీ కొత్తది రాదు. పాతదానికి పిచర్ కొండ దిగుతుంటే రెండుసార్లు బ్రేకులు పడలేదు.

అందుకే రాష్ట్ర రాజ్యాంగానికి ఓ సవరణ ఓటుకు వస్తోందని తెలియగానే, దాన్ని గెలిపించమని ఎల్డన్ ఇల్లిల్లూ తిరిగాడు. సవరణ కాగితం అతనికిచ్చింది ఊరి ఆఫీసు గుమాస్తా వర్నా, ఎల్డన్‌కు వదిన.

"రాష్ట్రం కొత్త పని ఏది పురమాయించినా ఖర్చు తనే పెట్టుకోవాలి," అని చదివి ఆవిడ కళ్లద్దాలు పైకి తోసింది. "లేదా ఊరిసభ ఓటేసి ఆ ఖర్చు తన నెత్తిన వేసుకోవాలి. ఈ ముక్క చూశావా?"

"తన జేబు తనే కోసుకునే ఊరుంటుందా వదినా?"

"ఊరిసభలో మనవాళ్లను సూపు వేళ ఎప్పుడైనా సరిగ్గా చూశావా?"

సవరణ గెలిచింది. ఊళ్లో వ్యతిరేకంగా పడ్డవి నాలుగే ఓట్లు.

ఏటా మార్చిలో ఊరంతా బళ్లో చేరి, చేతులెత్తి ఖర్చులు తేల్చుకుంటుంది. ఆ ఊరిసభ నాడు ఉదయం నుంచీ మంచే. జనం బడికి చేరాలంటే దారి ఉండాలిగా. ఎల్డన్ పొద్దుట్నుంచీ కొండ మీదే మంచు తోస్తున్నాడు. లోపల సభలో రాజధాని నుంచి వచ్చిన క్రాండల్ అనే అధికారి లేచాడు. పాలిష్ బూట్లు, తేనెలాంటి గొంతు. షెడ్డు ఖర్చు ఊరే పెట్టుకోవాలన్నది ఆజ్ఞ కాదు, విన్నపం మాత్రమే అన్నాడు. పన్నెండుకు పది నిమిషాలుంది. చర్చి ఆడవాళ్లు బీన్సు సూపు గిన్నెల మూతలు తీశారు. ఆకలి తొందరలో, ఆ వేళకు ఓటుకొచ్చిన తీర్మానం ఈ ఊళ్లో ఎన్నడూ ఓడలేదు.

ఎల్డన్ బూట్ల మంచు దులుపుకుని వచ్చేసరికి అందరి చేతుల్లోనూ గిన్నెలున్నాయి.

"అయిపోయింది," అంది వర్నా. "ఆజ్ఞ కాదట, విన్నపమట. షెడ్డు మనమే కడుతున్నాం. లారీ వచ్చే ఏడు చూస్తారట."

ఎల్డన్ గిన్నె నింపుకుని కూర్చున్నాడు. రెండో గిన్నె కూడా నింపుకున్నాడు. బయట కార్లు తెల్లగా కూరుకుపోతున్నాయి.

సభ నడిపే ఓటిస్ దగ్గరికొచ్చాడు. "ఎల్డన్, దారి మళ్లీ మూసుకుపోతోందయ్యా."

"కనిపిస్తూనే ఉంది."

"నేను మూడింటికల్లా రాజధానిలో ఉండాలి," అన్నాడు క్రాండల్.

"అది ఆజ్ఞా, విన్నపమా?"

వర్నా ఒక్కతే నవ్వింది. ఎల్డన్ మూతి తుడుచుకుని, లారీ తాళం బల్ల మీద పెట్టాడు.

"షెడ్డుకు చెయ్యెత్తినవాళ్లలో ఒకరు తీసుకోండి. పిచర్ కొండ దిగేటప్పుడు బ్రేకు మూడుసార్లు తొక్కాలి. మూడోసారి పడితే పడుతుంది."

అంత చక్కగా చేతులెత్తే ఊళ్లో, ఆ తాళం వైపు ఒక్క చెయ్యీ కదల్లేదు.