నమ్మకమైన పిస్తోలు

కడప జిల్లా నుంచి కువైట్ వచ్చి జాబ్రియా పేటలో వంటపని చేసే రెడ్డెమ్మకు, యజమాని గొప్పలు వినడం కూడా పనిలో భాగమే. ఆయన దగ్గర అరచేతిలో ఇమిడే పిస్తోలు ఒకటుండేది. తెల్ల అంగీ జేబులో, అత్తరు సీసా పక్కన దాచుకుని తిరిగేవాడు. "ఇది నన్ను ఎన్నడూ మోసం చేయదు" అని వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పేవాడు. ఒక్కసారైనా పేల్చి చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన వారానికే ఒక సైనికుడు ఇంట్లోకి చొరబడి టీవీ ఎత్తుకున్నాడు. యజమాని రెడ్డెమ్మ వెనక నక్కి, ఆమె భుజం మీదుగా గురిపెట్టి మీట నొక్కాడు. టక్కుమంది. మళ్లీ నొక్కినా అంతే. రెడ్డెమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. సైనికుడు టీవీ దించి, పిస్తోలు లాక్కుని, ఇంటికప్పు కేసి తానూ నొక్కి చూశాడు. పేలలేదు. పగలబడి నవ్వి, దాన్ని ఆయన చేతిలోనే పెట్టి టీవీతో వెళ్లిపోయాడు.

యుద్ధం ముగిసి రెడ్డెమ్మ మళ్లీ పనిలో చేరాక, ఆయన చుట్టాల ముందు అన్నాడు: "కుర్రవాడని జాలిపడి వదిలేశాను. అవునా రెడ్డెమ్మా?"

"ఐవా బాబా" అని అరబ్బీలో అవునంటూ తలూపి వంటింట్లోకి వచ్చి, డ్రైవర్ పెంచల్‌తో గొణిగింది.

"జాలిపడింది ఆయప్ప గాదు పెంచలా, ఆ తుపాకి. అది గూడా ముందర నిలబడిండే నా మీద."