సీనియారిటీ అంటే ఏ తేదీ?

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వేసవి మొదట్లో, మా విమాన సంస్థ నన్ను చెన్నై నుంచి విజయవాడ బేస్‌కు సీనియర్ కెప్టెన్‌గా బదిలీ చేసింది. బేస్ అంటే పైలట్ డ్యూటీ మొదలై ముగిసే ఊరు. గన్నవరం నుంచి డెబ్బై సీట్ల విమానాలు నడిపేవాళ్లం. ఇక్కడ మేం పద్దెనిమిది మందిమి. వచ్చిన మూడో నెలలోనే పైలట్ల సంఘం తరఫున నన్ను బేస్ ప్రతినిధిగా పెట్టారు. కాదనడానికి కారణం దొరకలేదు.

ఆ వానాకాలంలో యాజమాన్యం కొత్త కాంట్రాక్టు ఆఫర్ పంపింది. మూడేళ్ల ఒప్పందం. జీతం కొంత పెరుగుతుంది, సెలవు రోజులు నెల ముందే ఖాయమవుతాయి. వద్దంటే వ్యవహారం ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది. అంటే ఇరుపక్షాల వాదన విని మధ్యవర్తి ఏం చెబితే దానికి ఇద్దరూ కట్టుబడాలి. ఇంతకన్నా మేలైనది రావచ్చు, ఇది కూడా పోవచ్చు. ఒప్పుకుంటే మాత్రం ఆ మూడేళ్లూ ఏ తగాదానూ ఆర్బిట్రేషన్‌కు తీసుకెళ్లకూడదు. జవాబుకు వారం గడువు ఇచ్చారు.

ఆ కాగితాలు నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ మనసు మారింది. సంఘం లాయర్లలో ఒకాయన ఒప్పుకోమన్నారు. రెండో ఆయన, ఒప్పుకుంటే చేతులు కట్టేసుకున్నట్టే అన్నారు. ఇద్దరి మాటా సబబుగానే తోచింది.

ఆదివారం మధ్యాహ్నం పటమటలో ఒక హోటల్ మేడమీద సమావేశమయ్యాం. కెప్టెన్ సూర్యం గారు మాలో అందరికన్నా పాతవారు. ఆర్బిట్రేషనే కావాలని అరగంట మాట్లాడి, చివర్లో, "అయినా తీర్పొచ్చేదాకా నేనుంటానో లేదో, మీ ఇష్టమండీ," అని కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరు ఏ పక్షమో ఎవరికీ తెలియకుండా పోయింది.

అప్పుడు ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, మేరీ సుజాత లేచింది. ఉయ్యూరు అమ్మాయి. భర్త విజయవాడ కోచింగ్ కాలేజీలో లెక్చరర్ కావడంతో ఆమె కూడా ఆ ఏడాదే చెన్నై నుంచి బదిలీ అడిగి వచ్చింది. కెప్టెన్ సీటుకు తర్వాతి వరుస తనదే.

"సర్, పదకొండో క్లాజులో ప్రమోషన్ సీనియారిటీని బట్టి అన్నారు కదండీ. అది కంపెనీలో చేరిన తేదీయా, ఈ బేస్‌కి వచ్చిన తేదీయా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. అందరూ నావైపే చూస్తున్నారు.

"చేరిన తేదీయేనమ్మా. ఎప్పుడూ అంతేగా," అన్నాను.

ఆమె తలూపి కూర్చుంది. రహస్య ఓటింగ్ జరిగింది. పెన్ను చాలాసేపు చేతిలో పట్టుకుని, చివరికి ఆఫర్‌కే టిక్కు పెట్టాను. చెన్నై, విజయవాడ రెండు బేస్‌ల ఓట్లూ కలిపితే స్వల్ప తేడాతో ఆఫర్ నెగ్గింది.

చలికాలంలో ప్రమోషన్ జాబితా వచ్చింది. లెక్కలోకి తీసుకున్నది బేస్‌కి వచ్చిన తేదీ. సుజాత కన్నా తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లు ఇద్దరు ఆమెను దాటి కెప్టెన్ ట్రైనింగ్‌కు వెళ్లారు. నేను యాజమాన్యానికి ఉత్తరం రాశాను. క్లాజు ప్రకారం జాబితాలో పొరపాటేమీ లేదన్నారు. ఆ ఒక్క అంశాన్నైనా ఆర్బిట్రేషన్‌కు పంపుదామని సంఘాన్ని అడిగాను. ఆ దారిని మనమే మూసుకున్నామని లాయరు గుర్తుచేశారు.

వారం తర్వాత నాకూ సుజాతకూ కలిపి హైదరాబాద్ ఫ్లైట్ పడింది. దిగి ఇంజిన్లు ఆపి, చెక్‌లిస్టు పూర్తిచేశాక క్షమించమన్నాను.

"మీకు తెలీదని అప్పుడే అనుంటే, నేనే రాసి అడిగేదాన్ని కదండీ. నాలాంటి వాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు. మీ మాట మీద ఓటేశాం," అంది. గొంతు పెంచలేదు. లాగ్‌బుక్ సంతకానికి నా ముందు పెట్టి దిగిపోయింది.

మరుసటి ఏడాది ఆమె వేరే సంస్థకు వెళ్లింది. కెప్టెన్ అక్కడే అయిందని విన్నాను.

ఆర్బిట్రేషన్‌కు వెళ్లి ఉంటే మేలు జరిగేదో కీడు జరిగేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తేలినది ఒక్కటే. గాలిలో ఉండగా కంట్రోల్ టవర్ మాట అర్థం కాకపోతే, మళ్లీ చెప్పమనడానికి నేను ఏనాడూ మొహమాటపడలేదు. పటమటలో మొహమాటపడ్డాను. దాని ఖరీదు నేను చెల్లించలేదు.