ఐదొకట్ల ఐదు

ఎనభైల మధ్యలో, ఇద్దరు పిల్లలు పుట్టాక, కంప్యూటర్ క్లాసులో చేరాను. అప్పటికి ఓడల సరుకు చూసే ఆఫీసులో టైపిస్టుని. టైపు మిషన్ల రోజులు అయిపోతున్నాయని అంతా అంటుంటే భయమేసింది. మద్దిలపాలెంలో ఒక మేడమీద సాయంత్రం క్లాసులు. అందరికీ కలిపి ఒక్కటే కంప్యూటర్, వంతులవారీగా కూర్చోవాలి.

మొదటి ప్రోగ్రాం ఐదో ఎక్కం. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ రాయాలి. నేను రాసి నడిపించగానే తెరనిండా ఐదొకట్ల ఐదు, ఐదొకట్ల ఐదు, ఆగకుండా. మిషను పాడుచేశాననుకుని చేతులు వెనక్కి లాక్కున్నాను. మాస్టారు వచ్చి ఆపారు.

"ఏం కాలేదమ్మా. ఒకటి తర్వాత రెండుకు వెళ్లమని మీరు చెప్పలేదు, అంతే."

ఒకటి కలపమని కాగితం మీద ఒక లైను చేర్చుకున్నాను గానీ నా వంతు అయిపోయింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు మా క్లాసుకి యారాడ ఊరి నుంచి వచ్చే పిల్ల ఆ కాగితం లాక్కుంది.

"నాను కంప్యూటర్ని అక్కా. నువ్వు రాసిందే సేత్తాను."

వేలు పెట్టి చదివింది. "ఒకటి. ఐదొకట్ల ఐదు. ఒకటి కలిపితే రెండు. మళ్లీ పైకెల్లమన్నావు, ఎల్లాను. ఇక్కడేటుంది? ఒకటితో మొదలెట్టమనుంది. ఐదొకట్ల ఐదు..."

"అదేటే, రెండయింది కదా!"

"నాకేటి తెలుసు? నువ్వు సెప్పావు, నాను సేత్తన్నాను. ఐదొకట్ల ఐదు."

పక్కన గంపతో కూర్చున్న ముసలమ్మ "ఆ పిల్లకేటైందమ్మా?" అని నన్నడిగింది. నవ్వు ఆపుకోలేక బస్సు వదిలేసుకున్నాం.

ఆ నవ్వులోనే తప్పు దొరికింది. 'ఒకటితో మొదలు' అనే లైను లూప్ బయట ఉండాలి. తిరిగి రావలసింది దాని కింది లైనుకి.

మర్నాడు ఎక్కం చకచకా నడిచి, ఐదు తొమ్మిదుల నలభై ఐదు దగ్గర ఆగిపోయింది. ఈసారి చేతులు వెనక్కి తీసుకోలేదు. 'పది కంటే తక్కువైతే తిరుగు' అని రాశాను, ఇక పది ఎలా వస్తుంది? 'పది వరకూ' అని అక్కడికక్కడే మార్చాను. ఐదు పదుల యాభై. ఆగింది. వెనక నుంచి ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

తర్వాత మా ఆఫీసుకీ కంప్యూటర్ వచ్చింది, నన్ను ఆ కంప్యూటర్ గదిలో వేశారు. మొదటి రోజు ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని పక్క సీటు గుమస్తాగారిని పిలిచాను.

"కాసేపు మీరు కంప్యూటరండీ."

ఆయన అయోమయంగా చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.