పెదాలతో మాట్లాడే ఇల్లు

బర్మామైన్స్‌ బస్తీలో మా ఇంట్లో నాన్నతో గొంతు విప్పి మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ముప్ఫై ఏళ్ళు ఓ చిన్న రేకుల కార్ఖానాలో పనిచేసిన మనిషి. అక్కడ సుత్తుల మోతలో అరిచినా లాభం లేదు కాబట్టి, పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పెదాలు, చేతులు కదిపి మాట్లాడుకునేవారు. చెవులు మందగించాక నాన్న ఆ పద్ధతే ఇంటికీ తెచ్చాడు. అమ్మ నెల తిరక్కుండా నేర్చేసుకుంది. అన్నానికి పిలవాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు సాగదీసి, చప్పుడు లేకుండా పిలిచేది. నాకూ అదే అలవాటైంది. చుట్టాలొస్తే మమ్మల్ని చూసి హడలిపోయేవారు.

మొన్న వానాకాలంలో నాన్నకి చెవి మిషను పెట్టించాను. పట్టుబట్టింది నేనే. నాకు ఓపిక తక్కువ, పెట్టిన రోజే అన్నీ వినేస్తాడనుకున్నాను. వారం తిరిగేసరికి మిషను డబ్బాలోకి, డబ్బా అలమారులోకి చేరాయి.

"పళ్ళేల మోత తప్ప ఏటీ ఇనపడదు. మనుషుల మాట రాదు దీంట్లో," అన్నాడు నాన్న.

ఇక ఈ జన్మకి మనుషుల మాట తనకి లేదని తేల్చేసుకున్నట్టు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

అగ్రికో కాలనీలో చెవి మిషను ఇచ్చిన అమ్మాయి దగ్గరికి ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. ఇంట్లో ఆయనతో ఎలా మాట్లాడతారని హిందీలో అడిగింది. అమ్మ నాన్న వైపు తిరిగి మాట్లాడి చూపించింది. ఆ అమ్మాయి కాసేపు అయోమయంగా చూసి, విషయం అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయింది. మిషను పెట్టాక కూడా మేమెవరమూ గొంతు విప్పలేదు! కుక్కరు కూసింది, తలుపు కిర్రుమంది, మనుషులు మాత్రం ఎప్పటిలా ఉత్త పెదాలే ఆడించారు. లేని మాటని మిషను ఎక్కణ్ణుంచి తెస్తుంది? సిగ్గుతో నా తల దిగిపోయింది.

అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి. చెవి మంచీ చెడ్డా చూడకుండా చప్పుళ్ళన్నీ మోసుకొస్తుందట. అందులో మాటేదో మోతేదో విడదీసేది మెదడట. ఫ్యాను రోజంతా తిరుగుతున్నా మనకి వినపడనట్టే ఉండడం దాని పుణ్యమే. సగమే వినపడిన మాటని ముందూ వెనకా చూసుకుని క్షణంలో పూర్తి చేసేదీ అదే. నాన్న మెదడు ఇన్నేళ్ళుగా కళ్ళతో వినడానికి అలవాటు పడింది, చెవులతో వినడం దానికి మళ్ళీ నేర్పాలంది. నేను నోరెళ్ళబెట్టి విన్నాను. ఇంత పనిమంతుణ్ణి తలలో పెట్టుకుని తిరుగుతూ ఒక్కనాడూ తలుచుకోలేదు కదా అనిపించింది.

నేర్పే బాధ్యత అమ్మ తీసుకుంది. రోజూ టీ తాగాక నాన్నకి ఎదురుగా కూర్చుని కూరగాయల పేర్లు పైకి చెప్పాలి. మొదట ఆమెకే చేతకాలేదు. నాన్న మొహం చూడగానే గొంతు దానంతటదే ఆగిపోయేది. తర్వాత నోటికి పేపరు అడ్డం పెట్టుకుని చెప్పాలి. నాన్న దిక్కులు చూసేవాడు, తప్పులు చెప్పేవాడు, మిషను పీకెయ్యబోయేవాడు. అమ్మ వదల్లేదు. వంకాయ, మళ్ళీ వంకాయ, మళ్ళీ వంకాయ. నెల దాటేసరికి చిన్న చిన్న వాక్యాలు అందుకున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ బుర్ర అలా కొత్తగా చదువుకుంటుంటే నాన్న మీద గౌరవం పెరిగింది. చదివిస్తున్న అమ్మ మీద ఇంకా పెరిగింది.

అయినా వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మనిషిని చూడకుండా, మాట వస్తుందని తెలియకుండా, చప్పుళ్ళ మధ్య విన్నప్పుడే విన్నట్టని ఆ అమ్మాయి ముందే చెప్పింది. అది ఇక జరగదని నేను లోలోపల ఆశ వదిలేసుకున్నాను.

ఓ ఆదివారం పొద్దున్న నాన్న, నేను ముందు గదిలో ఉన్నాం. ఆయన పేపరు చదువుతున్నాడు. వంటింట్లో అమ్మ మాకు వీపు పెట్టి, పోపు వేయిస్తూ ఏదో గొణుక్కుంటోంది. కుళాయి పారుతోంది, బయట ఆటోల రొద. ఆ గొణుగుడు నేను పట్టించుకోవడం మానేసి ఏళ్ళయింది. నాన్న పేపరు దించి వంటింటి వైపు తిరిగాడు.

"మోకాళ్ళు అంతలా లాగేత్తంటే నాకెందుకు సెప్పలేదు?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"రోజూ సెప్తన్నాను," అంది.

నాన్న లేచి తన కుర్చీ ఎత్తుకెళ్ళి పొయ్యి దగ్గర వేశాడు. ఏ లోపమూ లేని చెవులతో ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్న నేను, వెళ్ళి గరిటె అందుకున్నాను.